పిలిచినకొద్దీ లోతుకు

నేను విమానం నడిపేవాణ్నని మా గల్లీలో ఇప్పటికీ కొందరు అనుకుంటారు. అదంతా మా బాపు పుణ్యం. లాల్‌దర్వాజాలో ఆయన పాలు పోసిన ప్రతి ఇంట్లోనూ "మావోడు నేవీల ఇమానం నడుపుతుండు" అని చెప్పి వచ్చేవాడు. నేను సెలవు మీద ఇంటికొస్తే చాలు, ఎవరో ఒకరు ఆపి, "ఏందన్నా, మా డాబా మీద జెర ఆపరాదూ, మేం గూడ ఎక్కుతం" అని ఆటపట్టించేవాళ్లు. నాకు తల కొట్టేసినట్లుండేది. ఎందుకంటే నేను ఒక్క నిమిషం కూడా విమానం నడపలేదు. విమానం కడుపులో, బయట పగలో రాత్రో కూడా తెలియని చోట, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని తెర మీద గీతలు చూస్తూ కూర్చోవడం నా ఉద్యోగం. సముద్రం అడుగున దాక్కున్న సబ్‌మెరైన్ చప్పుడు ఎక్కడైనా చెవిన పడుతుందేమోనని వినడం. ఇరవై ఏళ్లు విన్నాను.

ఒక సెలవులో ఇక ఉండబట్టలేక బాపుకు అసలు సంగతి చెప్పాను. అప్పటికింకా మాకు నాలుగు బర్రెలుండేవి. ఇంటికి నాలుగిళ్ల అవతల రేకుల కొట్టం. ఆయన బర్రె పక్కన గొంతుక్కూర్చుని పాలు పితుకుతున్నాడు. పాలు పితికేటప్పుడు ఆయనకో అలవాటుండేది. నుదురూ, కుడి చెవీ బర్రె డొక్కకు ఆనించి కళ్లు మూసుకునేవాడు. "హో... హో..." అని మెల్లగా అంటూ ఉండేవాడు.

"నేను ఇమానం నడపను బాపూ. ఊకె అందరికి గట్ల చెప్పకు. నేను వింట."

"ఇనుడేంది?"

"నీళ్ల కింద సబ్‌మెరైన్ సప్పుడు."

ఆయన కళ్లు తెరిచాడు. "గాల్లె ఎగురుకుంట నీళ్లల్ల సప్పుడు ఇంటవా? గంత ఇంజన్ లొల్లిల నీకేం ఇనొస్తది?"

బళ్లో ఐదో తరగతి దాటని మనిషి అడిగాడు ఆ ప్రశ్న. డిగ్రీలు చదివిన మా బంధువుల్లో ఒక్కరికీ అది తట్టలేదు. అందుకే ఆ రోజు ఓపిగ్గా చెప్పాను. మనం వినేది విమానంలోంచి కాదు బాపూ, చెవిని నీళ్లలోకి దింపుతాం అన్నాను. నాలుగు ప్రొపెల్లర్ల పెద్ద విమానం ఉంటుంది. అది ఒడ్డు నుంచి లేచి ఎనిమిది గంటలు, పది గంటలు సముద్రం మీద తిరుగుతుంది. సబ్‌మెరైన్ బయటి లోకం చూడ్డానికి గొట్టం పైకెత్తితే రాడార్ పట్టుకుంటుంది. పూర్తిగా మునిగితే రాడార్ దేనికీ పనికిరాదు. అప్పుడు మేం మూడడుగుల గొట్టాలు వరసగా జారవిడుస్తాం. సోనోబాయ్‌లంటారు వాటిని. చిన్న పారాచూట్‌తో దిగి, పై సగం నీళ్ల మీద తేలుతుంది, కింది సగం తీగకు వేలాడుతూ లోతుకు పోయి వింటుంది. విన్నదాన్ని రేడియోలో మాకు పంపుతుంది. పాత విమానాలకైతే తోక వెనకాల పొడుగాటి కడ్డీ ఒకటి ఉండేది. అంత ఇనుము నీళ్లలో ఉంటే భూమి అయస్కాంతం కాస్త చెదురుతుంది కదా, విమానం నీళ్లకు దగ్గరగా దిగి పోతుంటే ఆ కడ్డీ దాన్ని పసిగట్టేది.

ఇక హెలికాప్టర్ ఉద్యోగం వేరు. అది యుద్ధనౌక మీద నుంచి లేస్తుంది, దూరం పోదు. ఒకచోట గాల్లో నిలబడి, తాడుకు కట్టిన సోనార్‌ను నీళ్లలో ముంచుతుంది. ఊరికే వినదు, తానే ఒక చప్పుడు వదిలి, అది దేనికైనా తగిలి తిరిగొస్తుందేమో చూస్తుంది. ఏమీ లేకపోతే తాడు పైకి లాగి ఇంకో చోటికి పోయి మళ్లీ ముంచుతుంది. దొరికితే ఒక హెలికాప్టర్ దాన్ని వదలకుండా వింటూ ఉంటుంది, ఇంకొకటి టార్పెడో తెచ్చి వేస్తుంది. నేను మొదటి ఏడేళ్లు హెలికాప్టర్లలోనే చేశాను, తర్వాత పెద్ద విమానానికి మారాను.

బాపు అంతా విని, పక్కనున్న పాల క్యాను వైపు చూశాడు. దాని అంచుకు పొడుగు కాడ కొలత డబ్బా వేలాడుతోంది. "అంటె గా హెలికాప్టరోడు నా లెక్క. ముంచుడు, తీసుడు, ఇంకో ఇంటికి పోవుడు" అన్నాడు.

"గట్లనె బాపూ."

"మరి పెద్ద ఇమానపోడు గడ్డి కోసం ఊర్లు తిరిగెటోని లెక్క."

నేను నవ్వాను. ఆయన నన్ను చెయ్యి పట్టి లాగి బర్రె డొక్క దగ్గర కూర్చోబెట్టాడు. "నువ్వు నీళ్లల్ల ఇంటే నేను దీంట్ల ఇంట. చెవి పెట్టు." పెట్టాను. లోపల ఎక్కడో బండి దొర్లినట్లు గుడగుడమంది, ఆగింది, మళ్లీ గుడగుడమంది. "గా సప్పుడుంటె బర్రె మంచిగున్నట్టు. ఒర్రి మొత్తుకుంటె గూడ భయం లేదు. సప్పుడు బందయితె ఫికర్ చెయ్యాలె" అన్నాడు. ఆ తర్వాత కూడా బస్తీలో నన్ను పైలట్ అనే చెప్పుకున్నాడు, అది వేరే సంగతి.

మాకు హెలికాప్టర్ సోనార్ నేర్పిన సీనియర్ ఒకాయన ఉండేవాడు. కేరళ మనిషి, మాట తక్కువ. మొదటి రోజే చెప్పాడు: నువ్వు వదిలే చప్పుడు సబ్‌మెరైన్‌కు తగిలి వెనక్కి రావాలి, రెండింతల దారి. దానికి మాత్రం ఒకవైపు చాలు. కాబట్టి అది నీకు వినిపించడానికి చాలా ముందే నువ్వు దానికి వినిపిస్తావు. వినిపించగానే అది ఇంజన్ తగ్గించి, లోతుకు పోయి, ఊపిరి బిగబట్టుకుంటుంది. నోరు తెరిచే ముందు బాగా ఆలోచించుకో. తర్వాతి కాలంలో నేను కుర్ర ఆపరేటర్లకు పాఠం చెప్పినప్పుడు ఈ మాటే చెప్పేవాణ్ని, నాదే అయినట్లు.

పెద్ద విమానంలో ఉండగా జరిగింది ఇంకొకటి ఉంది. అభ్యాసాల్లో మన సబ్‌మెరైన్ ఒకటి శత్రువు వేషం వేస్తుంది, మేం వెతకాలి. చివరిసారి దాని జాడ తెలిసిన చోటు చుట్టూ వలయం గీస్తాం. గంట గడిస్తే గంట దూరం, రెండు గంటలకు రెండు గంటల దూరం, అలా వలయం పెరుగుతూ పోతుంది. ఆ రోజు నాలుగు గంటలు బయటికి బయటికి పోతూ గొట్టాలన్నీ ఖర్చుపెట్టాం. తీరా చూస్తే అది లోతు తక్కువున్న చోట, మొదట జాడ తెలిసిన దగ్గరే, ఇంజన్ ఆపేసి నేల మీద పడుకుని ఉంది. సాయంత్రం ఒడ్డున దాని సిబ్బంది మమ్మల్ని చూసి పగలబడి నవ్వారు. మేమూ నవ్వాం, ఏం చేస్తాం.

నేను రిటైరై ఇంటికొచ్చేసరికి అమ్మ లేదు, బర్రెలూ లేవు. ఊరి మధ్య బర్రెల్ని ఉంచుకోకూడదని మున్సిపాలిటీవాళ్లు గట్టిగా చెప్పడంతో బాపు ఎప్పుడో అమ్మేశాడు. కొట్టాన్ని ఒక టెంట్ హౌస్ చాచా తీసుకుని ముందువైపు షట్టర్ పెట్టించుకున్నాడు. లోపల షామియానాలు, పరుపులు, ఎర్ర కుర్చీలు. నేను ఒక ప్రభుత్వ కర్మాగారంలో సెక్యూరిటీ ఉద్యోగంలో చేరాను. ఇప్పుడు సముద్రం మీద కొత్త జెట్ విమానాలు తిరుగుతున్నాయి, ఎత్తునుంచే వందకు పైగా గొట్టాలు వేస్తాయి, ఏ చప్పుడు ఏమిటో కంప్యూటరే విడదీసి చెబుతుంది. మనిషి లేకుండా రోజంతా తిరిగేవీ వచ్చాయి. నాలాంటి చెవులకు పని తగ్గిపోయింది. నేను గేటు దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్ల సంచులు చూసేవాణ్ని.

బాపు మతిమరుపు మెల్లగా మొదలైంది. ముందు మనుషుల పేర్లు పోయాయి, తర్వాత భోంచేసిన సంగతి పోయింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, వయసు మీద పడిందిలే అనుకున్నాం. డాక్టరు మాత్రం ఇది తగ్గేది కాదని, ఓపిగ్గా చూసుకోవాలని చెప్పాడు. ఓపిక నా దగ్గర లేని వస్తువు. సముద్రం మీద పది గంటలు కదలకుండా వినగలిగినవాణ్ని, ఇంట్లో ఒకే ప్రశ్న నాలుగోసారి వినలేకపోయేవాణ్ని. నా గొంతు కూడా పెద్దది. ఇంజన్ల మధ్య బతికిన వాళ్లందరికీ అంతే.

అదొక ఎండాకాలం రోజు. నేను షిఫ్టు ముగించుకుని పొద్దున ఎనిమిదింటికి ఇంటికొచ్చాను. వంటింట్లో నేలంతా పాలు. బాపు ఫ్రిజ్‌లోని పాకెట్లన్నీ కత్తిరించి బకెట్లో పోసి, ఆ బకెట్ పట్టుకుని గడప దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు. "జహనుమా దాంక పోవాలె, పొద్దెక్కింది, గాళ్లు చాయ్‌కి ఆగరు" అంటున్నాడు. నేను బకెట్ లాక్కున్నాను. మెల్లగా తీసుకుని ఉండొచ్చు. లాక్కున్నాను.

"బర్రెలు లెవ్వు! ఏం లెవ్వు! అమ్మేసి పదేండ్లాయె! ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

గల్లీ చివరిదాకా వినపడి ఉంటుంది. ఆయన భుజాలు దగ్గరికి ముడుచుకుని గోడకు ఆనుకున్నాడు. మా ఆవిడ వచ్చి ఆయన్ని లోపలికి తీసుకుపోయింది. నేను నేల తుడిచి, ఇంకా తిట్టుకుంటూనే పోయి పడుకున్నాను.

పదకొండింటికి మా ఆవిడ లేపింది. "మామ ఇంట్ల లేడు. చెప్పులు గూడ లెవ్వు. నేను మిద్దె మీద బట్టలు ఆరేస్తున్న, ఎప్పుడు పోయిండో తెల్వదు." ఆమె చివరిసారి చూసింది తొమ్మిదిన్నరకు. అంటే గంటన్నర.

భయపడ్డాను. కానీ సిగ్గుపడే సంగతి ఏమిటంటే, భయంలోనే నాకు కొంచెం ఉత్సాహం కూడా వచ్చింది. ఇది నాకు తెలిసిన పని. క్యాలెండర్ కాగితం చించి వెనకవైపు వలయం గీశాను. మధ్యలో మా ఇల్లు. ముసలాయన నడక, గంటన్నర, ఎండ. ఒకవైపు చార్మినార్, ఇంకోవైపు ఫలక్‌నుమా దాటి జహనుమా. నా చెల్లెలి భర్తకు మోటార్ సైకిలుంది, అతన్ని పిలిచి బయటి వలయం అప్పజెప్పాను, పెద్ద విమానంలాగా. లోపలి గల్లీలు నావి. మా ఆవిడ ఇంట్లో ఫోన్ల దగ్గర ఉంటుంది, బాపు ఫోటో అందరికీ పంపుతుంది, పోలీస్ స్టేషన్‌కు చెబుతుంది. నేను స్కూటర్ తీశాను. గల్లీ మలుపు రాగానే ఇంజన్ ఆపడం, గొంతెత్తి "బాపూ!" అని అరవడం, కాసేపు చూడడం, మళ్లీ స్టార్ట్ చేసి ఇంకో మలుపుకు పోవడం.

టెంట్ హౌస్ ముందు కూడా ఆగాను. చాచా ఎక్కడో పెళ్లికి టెంట్ వేయడానికి పోయాడు, షట్టర్‌కు తాళం ఉంది. అయినా అరచేత్తో షట్టర్ మీద దబదబ కొట్టి "బాపూ! ఓ బాపూ!" అని అరిచాను. చప్పుడు లేదు. ఇంతసేపైంది, ఇంకా ఇక్కడే ఎందుకుంటాడు, వలయం పెరిగిపోతోంది అనుకుని ముందుకు పోయాను.

జహనుమాలో ఆయన పాలు పోసిన చాయ్ హోటల్ ఇంకా ఉంది. "భాయ్, హమారే బాపు కో దేఖే క్యా? దూద్ వాలే?" అని, పాలు పోసే మా బాపును చూశారా అని అడిగాను. గల్లా దగ్గరి పెద్దాయన లేచి నిలబడ్డాడు. "నక్కో రే అల్లా, వో తో బరసోఁ సే నై ఆయే" అని, ఆయన ఇటు రాక ఏళ్లయిందని చెప్పి, హోటల్లో పనిచేసే ఇద్దర్ని నాతోపాటు వెతకడానికి పంపాడు. నన్ను మాత్రం, "ఇత్తా చిల్లావ్ నక్కో మియాఁ, గలా బైఠ్ జాతా" అని మందలించాడు. అరవకు, గొంతు పోతుంది అని. నేను వినలేదు. వెనక్కి వస్తూ ప్రతి మలుపులోనూ అరిచాను. ధూల్‌పేట్ వైపు పోయిన నా చెల్లెలి భర్త ఫోన్ చేసి అక్కడా లేడన్నాడు. ఇంటి మీదుగా పోతున్నప్పుడల్లా టెంట్ హౌస్ షట్టర్ మీద కొట్టి పోయాను. మొత్తం మూడుసార్లు.

నాలుగింటికి నా గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు. మా ఆవిడ మంచినీళ్లు తెచ్చేలోపే, మొహం కడుక్కుందామని కొట్టం పక్క సందులో ఉన్న నల్లా దగ్గరికి పోయాను. మనిషి అడ్డంగా నడిస్తే పట్టేంత సందు. అప్పట్లో గడ్డి మోపులు అక్కడినుంచే లోపలికి తోసేవాళ్లం. నల్లా తిప్పితే నీళ్లు రాలేదు. రాకపోవడమే మంచిదైంది. ఆ నిశ్శబ్దంలో, రేకు అవతల నుంచి వినిపించింది.

"హో... హో..."

గడ్డి తోసే రేకు తలుపు ఇంకా అలాగే ఉంది. దానికి గడియ లేదని లోకంలో బాపుకూ నాకూ మాత్రమే తెలుసు. తోసుకుని లోపలికి పోయాను. పొయ్యిలో దూరినట్లుంది వేడి. పరుపులు మనిషెత్తు పేర్చి ఉన్నాయి. వాటి పక్కన బాపు గొంతుక్కూర్చుని, నుదురూ, కుడి చెవీ పరుపుకు ఆనించి, కళ్లు మూసుకుని ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను. ఉలిక్కిపడి చూశాడు. తర్వాత మొహం విప్పారింది.

"ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? సెలవు దొరికిందా?"

"ఇప్పుడే బాపూ" అన్నాను. గుసగుస తప్ప గొంతు రాలేదు.

ఆయన తృప్తిగా తలూపాడు. "గట్లనె, మెల్లగ మాట్లాడు. బయట ఎవడో తిరుగుతుండు. పొద్దటి సంది నా కోసం దేవులాడుతుండు, ఒర్లుకుంట. షట్టర్ గుద్దిండు. మస్తు కోపంల ఉండు. దొరికితె కొడ్తడు."

"ఎవడు బాపూ?"

"ఏమో, ఎర్క లేదు. పొద్దుగాల ఇంటికి గూడ వచ్చిండు. నా చేతిల బకెట్ గుంజుకున్నడు." చెయ్యి చూపించాడు. బకెట్ కాడ గీసుకున్న చోట వేళ్ల మీద ఎర్రటి చార ఉంది. నేను దాన్ని పొద్దున చూడలేదు. "వాడు పిలిసినప్పుడల్ల నేను సప్పుడు చెయ్యకుంట కూసున్న. నాలుక ఎండి దూప అయింది గని బయటికి పోలె."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నా ఏడుపును ఎలా అర్థం చేసుకున్నాడో గానీ నా వీపు నిమిరాడు. "నువ్వొచ్చినవ్ గద, ఇగ ఫికర్ లేదు. జెర ఆ తలుపు కాడికి పోయి ఇను. వాడు ఉన్నడా పోయిండా. నీది ఇనుడే గద పని."

లేచి రేకు తలుపు దగ్గర నిలబడ్డాను. సందులో ఎవరూ లేరు. నీళ్లు పట్టుకుని ఇటే వస్తున్న మా ఆవిడ గాజుల చప్పుడు, ఎక్కడో ఆటో హారను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు. వెనక్కి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను.

"పోయిండు బాపూ."

"మల్ల రాడు గద?"

"రాడు."

ఆసుపత్రిలో రెండు రోజులు సెలైన్ ఎక్కించి పంపించారు. ఆ ఏడు చలికాలంలో, నిద్రలోనే, బాపు పోయాడు. కడుపులో గుడగుడ బాగానే ఉందని ముందు రోజే చెవి పెట్టి చూసి ధైర్యం తెచ్చుకున్నాను. అప్పటికి అది మా ఇద్దరికీ అలవాటైంది. ఆయన పడుకునేవాడు, నేను చెవి పెట్టేవాణ్ని, "ఎట్లున్న?" అని అడిగేవాడు, "మంచిగున్నవ్" అనేవాణ్ని.

కానీ ఆ రోజు కొట్టంలో నేను చెప్పిన మాట నిలబెట్టుకోలేకపోయాను. ఆయన పోయేలోపు వాడు మా ఇంటికి ఇంకో రెండుసార్లు వచ్చాడు. ఒకసారి నేను ఆయన చొక్కా గుండీలు పెడుతున్నప్పుడు, ఒకసారి అన్నం తినిపిస్తున్నప్పుడు. రెండుసార్లూ బాపు గోడకు ఆనుకుని, చప్పుడు చెయ్యకుండా, వాడు వెళ్లిపోయేదాకా ఆగాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, వాడు మళ్లీ వచ్చిండని చెవిలో చెప్పాడు.